ఓడరేవు నుంచి తొణకని టీ గ్లాసు

"ఏటవతల నుంచి చుట్టం వచ్చెనే,
నెత్తిమీద గంపలోన ఏమి తెచ్చెనే..."

ఆ తర్వాతి ముక్క టీకొట్టు పెద్దమ్మకు ఎంత తన్నుకున్నా గుర్తురాదు. గంపలో ఏముందో చిన్నప్పుడు తెలుసు. ఇప్పుడు పాలు పొంగేదాకా ఆ రెండు ముక్కలే తిప్పితిప్పి పాడుకుంటుంది.

కొట్టుకు ఎదురుగా పారిశ్రామికవాడ గేటు, గేటు పక్కన పెద్ద బోర్డు. మనవరాలి దగ్గర అక్షరాలు దిద్దుకుని ఆవిడ మొట్టమొదట కూడబలుక్కుని చదివింది ఆ బోర్డే: "స్థలాలు ఖాళీగా ఉన్నాయి." చదవడం వచ్చినందుకు సంబరపడాలో, చదివినదానికి దిగులుపడాలో తెలియలేదు. లోపల రోడ్లున్నాయి, దీపాలున్నాయి, ఫ్యాక్టరీలే లేవు. క్రేన్ నడపడం నేర్చుకుని కూర్చున్న మనవరాలు ఇక లాభం లేదని, ఎల్లుండి బస్సుకి దూరపు పట్నానికి టిక్కెట్టు తీసుకుంది. అది విన్న పెద్దమ్మ పాలల్లో చక్కెర రెండుసార్లు వేసింది.

అప్పుడు దిగాడు టాప్‌గేరు. లారీ డ్రైవరు. నోరు తెరిస్తే గేరు తగ్గించడు గనక ఆ పేరు.

"అక్కా, ఓ టీ. విదేశీ కంపెనీని లాక్కొచ్చిన చేతులివి, కాస్త మర్యాదగా అందించు."

"ఏం కంపెనీ బావా?" గేటు వాచ్‌మన్ బల్ల మీద జరిగి చోటిచ్చాడు.

"అద్దాల కంపెనీ. రేవులో దించిన అద్దం ఇక్కడికొచ్చేసరికి అద్దంగా ఉంటుందా, పిండిగా ఉంటుందా అని వాళ్ళ భయం. పరీక్షకని ఒక పెట్టెడు అద్దాలు నా లారీకెత్తి, ఇద్దరు పెద్దమనుషులు నా పక్కనే కూర్చున్నారు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? అంచుదాకా టీ పోసిన గ్లాసు స్టీరింగు ముందు పెట్టి బయల్దేరాను. చుక్క తొణికితే ఒట్టు!"

"ఆ రోడ్డు మీదా? పాత వంతెన దగ్గర గుంతలో దిగిన నా సైకిలు ఇంకా పైకి రాలేదు."

"గుంతలు నీకు బావా! నా హారను వింటే గుంతలే పక్కకి తప్పుకుంటాయి. తొణకడం దాకా ఎందుకు, వంతెన దాటేసరికి టీ మీద మీగడ కట్టింది. అందులో మొహం చూసుకుని పెద్దాయన తల దువ్వుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రైలుగేటు పడింది. గూడ్సు డ్రైవరు నన్ను చూసి బండాపి, 'అన్నా, నా డబ్బాలు కూడా నీ వెనకాల తగిలించుకో, నీకు పుణ్యముంటుంది' అన్నాడు. పాపం, తగిలించుకున్నా. పక్కద్దంలో చూద్దును గదా, డబ్బాల వెనకాల ఓడ! 'ఇంత మెత్తటి ప్రయాణం నీళ్ళలో కూడా లేదు' అని లంగరెత్తి రోడ్డెక్కేసింది!"

"మరి మలుపు దగ్గర ఎలా తిరిగింది?"

"చెయ్యి చూపించి తిరిగింది. రూలు రూలే కదా!"

పెద్దమ్మ చేతిలో వడపోత ఆగిపోయింది. "అయ్యో, దానికి చక్రాలుండవు కదా తమ్ముడూ?"

"నా స్టెప్నీ ఇచ్చానక్కా. ఇక చూడు, ఓడ వెనకాల దేశదేశాల కంపెనీలన్నీ బారులు తీరాయి. నేను లారీ దిగకుండానే చేత్తో చూపించి పంచేశా. బట్టలవాళ్ళు అటు, బొమ్మలవాళ్ళు ఇటు, మందులవాళ్ళు నీడపట్టున. ఆఖరికి సూర్యుడు దిగొచ్చి నాకూ ఓ షెడ్డు ఇప్పించమన్నాడు. పొమ్మన్నా! అడుగు జాగా లేదు!"

గ్లాసులు కడుగుతున్న మనవరాలు తల ఎత్తింది. "సూర్యుడికే చోటు లేకపోతే ఆ బోర్డు ఇంకా ఎందుకుంది చిన్నతాతా?"

అందరి తలలూ బోర్డు వైపు తిరిగాయి.

"అదొక్కటేనా అమ్మా," అన్నాడు వాచ్‌మన్, "పొద్దున ఈయన లారీ గేటు మలుపులో బురదలో దిగబడితే, ఆ పెద్దమనుషులే చొక్కాలు మడిచి తోశారు. నేనూ ఓ చెయ్యేశా."

బల్ల బల్లంతా నవ్వింది. టాప్‌గేరూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా. పెద్దమ్మకే నవ్వు రాలేదు. గంప ఖాళీదే అన్నమాట అనుకుంది. టీ అందించడానికి వంగినప్పుడు, అతని ప్యాంటు మోకాళ్ళ దాకా తెల్లగా కనిపించింది.

"ఈ సున్నమేంటి తమ్ముడూ?"

టాప్‌గేరు మొదటిసారి గొంతు తగ్గించాడు. "బురదలోంచి తేలాక పెట్టె విప్పి చూశారక్కా. అంత కుదిపినా ఒక్క అద్దం చిట్లలేదు. గేటు పక్క మూల స్థలానికి ఇందాకే నాచేత సున్నం గీతలు గీయించారు. రేపు కొలతలవాళ్ళు వస్తారు. అద్దాలెత్తే క్రేన్ మనిషి ఇక్కడ దొరుకుతారా అని అడిగితే మన పిల్ల ఉందన్నాను. పని ఇస్తామనలేదు. చూస్తామన్నారు."

"ఇది కూడా ఓడ ఖాతాలోదేనా బావా?" అన్నాడు వాచ్‌మన్.

టాప్‌గేరు గేటు పక్క మూలకి చెయ్యి చూపించాడు. మనవరాలు తడి చేతులతోనే రోడ్డు దాటి గేటులోకి వెళ్ళింది. పొయ్యి మీద పాలు గుసగుసలాడాయి. తిరిగొచ్చినప్పుడు పిల్ల చూపుడువేలికి సున్నం అంటుకుని ఉంది. దాన్ని తుడుచుకోలేదు.

"టిక్కెట్టు ఓ వారం జరుపుకోవచ్చేమో కనుక్కుంటాను నాన్నమ్మా," అంది.

పెద్దమ్మ ఆ వేలి వంకే చూస్తూ ఉండిపోయింది. టాప్‌గేరు ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, లారీ ఎక్కి, స్టార్టు చేసి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అక్కా, రేపు పెద్ద గిన్నె పెట్టు. ఓడవాళ్ళు కూడా టీకి వస్తామన్నారు."