రాజు ఎవరి కాళ్ళు ముట్టుకోవల్ల?

చౌడప్ప అని, కపిల తోలుకొని బతికేటోడు ఒకడుండె. మీరు శెనక్కాయలు వలస్తానే ఉండండి, చేతులు ఆపొద్దు, చెవులు మాత్రం ఇట్ల పెట్టండి. కపిలంటే ఈ కాలం పిల్లోళ్ళకు తెలీదు. మోటర్లు లేని కాలంలో బాయిలోకి మోకు కట్టి తోలుబాన దించేది, ఆ మోకు ఈ కొసన ఎద్దులకు కట్టి తోలితే బాన నీళ్ళతో పైకొచ్చేది. సరే, ఒకనాడు ఏమైందంటే, మిట్టమధ్యాన్నం ఎద్దుల్ని మేతకిడిచి చౌడప్ప నీడకు కూచున్నాడంట. అదే పొద్దుకు ఆ దేశం రాజు వేటకొచ్చి, కుందేలెనక పడి, మందినంతా యాడ్నో ఇడిచిపెట్టి ఒంటిగా వచ్చినాడు. దాహమైంది. గుర్రం దిగి బాయి గడ్డన నిలబడి తొంగి చూసినాడు. మన బాయిలకు గోడ యాడుంటాదప్పా? గోడ లేని బాయి ఉంటాదని రాజుకు అంతవరకు తెలీదనుకో. ఇంగేముంది, దుబుక్కుమని పడె. "కాపాడండ్రా" అని అరిచినాడనుకుంటిరా? లేదంట. "ఎవరక్కడ!" అని అరిచినాడంట. నీళ్ళు మింగతా కూడా "ఎవరక్కడ" అనేది రాజులకే చెల్లు.

చౌడప్ప ఉరికొచ్చి చూసి, గబగబా బాన దించి దాంట్లో కూచోమన్నాడు. కూచున్నాడు రాజు. లాగితే వస్తాడా? నెయ్యి తిన్న ఒళ్ళాయె. ఎద్దులేమో గుట్ట అవతల మేస్తా ఉండాయి. దగ్గిర ఉండేది రాజు గుర్రమొక్కటే. "దొరా, పట్టపు గుర్రానికి కాడి కడితే తప్పంట కదా" అంటాడు చౌడప్ప పైనుంచి. "ముందు కట్టరా నాయనా!" అంటాడు రాజు లోపల్నుంచి. కట్టినాడు, అదిలించినాడు, గుర్రం నడిచె, రాజు పైకొచ్చె. నీళ్ళు రావల్సిన బానలో రాజొచ్చినాడు, కాలి ముచ్చె, అదే చెప్పు, ఒకటి మాత్రం బాయిలోనే పాయె. జరీ కుట్టిన ముచ్చె, వెండి పువ్వు దానికి. రాజు తలకాయ తుడుచుకొని చూస్తే ఎదురుగా చౌడప్ప పెండ్లాం సుంకులమ్మ, నెత్తిన సంగటి గంప పెట్టుకొని నోరు తెరుచుకొని నిలబడుంది. రాజుకు సిగ్గాయె. "చౌడప్పా, ఈ సంగతి మూడో కంటికి తెలీకూడదు, మాటియ్యి" అన్నాడు. వాడిచ్చినాడు. సుంకులమ్మను ఎవరూ మాటడగలేదు. ఆడమనిషిని అడిగేదేముందిలే అనుకున్నాడేమో రాజు. అది మనసులో పెట్టుకోండి.

ఇంగ లాయం చూసుకునే పెద్ద, గుర్రం రొమ్ము మీద మోకు రాపిడి చూసినాడు. ఎవడ్రా పట్టపు గుర్రానికి కాడి కట్టిన మొనగాడు అని ఊర్లెంబడి ఇచారిస్తే, గొర్లు కాసేటోడొకడు, దూరం నుంచి గుర్రాన్ని కట్టేది మాత్రం చూసినోడు, చెప్పేసినాడు. చౌడప్పను కట్టేసి తీసకపోయిరి. ఆ దేశం చట్టంలో ఆ నేరానికి కుడిచెయ్యి నరకల్లంట. చెయ్యి పోతే వాడు మోకు యా చేత్తో పడతాడు, సంగటి యా చేత్తో తింటాడు చెప్పండి.

ఆ న్యాయసభ రివాజు ఒకటుంది, అది చెప్పల్ల మీకు. రాజు సభలో కనపడడు, తెర ఎనక కూచొని ఇంటాడు. ముందర పీట మీద ఆయప్ప ముచ్చెలు పెడతారు. ముచ్చెలు యాడుంటే రాజు ఆడున్నట్టే, అది వాళ్ళ చట్టం. సాక్షి చెప్పేటోడు వంగి ఆ ముచ్చెలు ముట్టుకొని "దొర పాదాల సాక్షి" అని మొదలుపెట్టల్ల. సరే, ధర్మాధికారి అడిగినాడు, ఏంరా, గుర్రానికి మోకు కట్టినావా అని. కట్టినా సామీ అన్నాడు. ఎందుకు కట్టినావు? "అది చెప్పను సామీ, మాటిచ్చినా" అని తెర దిక్కు చూసినాడు. తెర కదల్లేదు. దాని ఎనక రాజు చెమట తుడుచుకుంటా ఉండాడంట. పోయి నిజం చెప్తే వాని చెయ్యి నిలుస్తాది, చెప్తే దేశమంతా "బాయిలో పడిన రాజు" అని నవ్వుతాది. రెండిట్లో ఏది బరువని ఆలోచిస్తా ఉండాడు పాపం. ఒకని చెయ్యి, ఒకని సిగ్గు! దానికి ఆలోచన గావల్లనా?

సుంకులమ్మ ఊరుకుంటాదా? మందిని తోసుకొని ముందరికొచ్చి, మాటిచ్చింది మా ఆయప్ప, నేను గాదు, అని మొదట్నుంచి కడదాకా చెప్పేసింది. ధర్మాధికారి దగ్గి, పెండ్లాం మాట మొగుని మాటే, అది చెల్లదు, ఇంగెవరు చూసినారు అన్నాడు. "బాయిలో పడిన ఆయప్ప చూసినాడు కదా సామీ, ఆయప్పనే పిలిపించండి, సాక్షి చెప్పల్ల" అనె సుంకులమ్మ.

అమ్మో! పండితులు లేచినారు చూడు, తేనెతుట్టెను కదిలిచ్చినట్ల. ఒకాయన, సాక్షి నిలబడల్ల, ధర్మాధికారి కూచోవల్ల, రాజు నిలబడితే కూచునే మొగోడెవడు అన్నాడు. ఇంకొకాయన, రాజు మాట నమ్మితే భయపడి నమ్మినారంటారు, నమ్మకపోతే మన తలకాయలుండవు, అందుకని రాజు సాక్షి చెప్పకపోవడమే న్యాయానికి మంచిది అన్నాడు. ఎంత మంచోడో! ఆఖరికి ముసలి పండితుడొకడు లేచి, అవన్నీ సరే, సాక్షులందరూ రాజు ముచ్చెలు ముట్టుకొని ప్రమాణం చేస్తారు, మరి రాజు ఎవరి కాళ్ళు ముట్టుకోవల్ల అన్నాడు. రాజు నాయన కాళ్ళంటే, ఆయప్ప కాలి బూడిదైపాయె. దేవుని కాళ్ళంటే, అవి వెండి తొడుగులో ఉండాయి, తాతల కాలం నుంచి ఎవరూ చూడలేదు, ఉండాయో లేవో అన్నాడు పూజారి. పొద్దు వాలేదాకా కొట్లాడుకొని, ముట్టుకునేదానికి కాళ్ళు దొరకలేదు గాబట్టి రాజు సాక్షి చెప్పేదానికి లేదు, చౌడప్ప చెయ్యి నరకల్ల, ఈ పూట వర్జ్యముంది గాబట్టి రేపు నరకల్ల అని తేల్చినారు. చెయ్యి నరికేదానికీ మంచిగడియ చూస్తారప్పా పెద్దోళ్ళు.

సుంకులమ్మ ఇంటికి పోయి ఏడ్చింది. ఏడ్చి, కండ్లు తుడుచుకొని, పక్కింట్లో పాతాళగరిగె అడుక్కొచ్చింది. బాయిలో బిందె పడితే దేవి తీస్తారే, ఆ కొక్కేల గుత్తి. దించి దేవింది. పాత చెంబొకటొచ్చె. మల్ల దేవింది, చిరిగిన తోలొచ్చె. ఇంగోసారి దేవితే, బురదతో, వెండి పువ్వుతో, అదో, వచ్చె!

తెల్లారి సభలో ఆ బురద ముచ్చెను తీసకపోయి పీట మీద ముచ్చెల పక్కనే పెట్టింది. "సామీ, ముచ్చె యాడుంటే దొర ఆడున్నట్టే అంటిరే, మీ చట్టమే కదా. ఈ ముచ్చె మా బాయిలో ఉండె. అయితే దొర యాడున్నట్టు?" ధర్మాధికారి ముచ్చె దిక్కు చూసె, పండితుల దిక్కు చూసె, పండితులు నేల దిక్కు చూసిరి. అంతలో తెర ఎనకనుంచి ఒక్క అరుపు, "అది నా ముచ్చె కాదు!" అని. తెర గమ్మునుండె గానీ, దొర తొందరపడినాడప్పా!

సుంకులమ్మ రెండు చేతులూ జోడిచ్చింది. "దొరా, ఇప్పుడు తమరు చెప్పింది సాక్ష్యమే కదా. ప్రమాణం చెయ్యకుండా సాక్షి చెల్లదని నిన్న పొద్దంతా మీ పండితులే అరిచినారు. బయటికొచ్చి ప్రమాణం చేసి ఆ మాటే అనండి, మా ఆయప్ప చెయ్యి నేనే పట్టుకుంటా, నరకండి." ఎవరి కాళ్ళు ముట్టుకోమంటావే అని లేచిరి పండితులు. "మేమంతా ఎవరి కాళ్ళు ముట్టుకుంటాం సామీ? దొర కాళ్ళే కదా. మాకంటే ఆయప్పకే దగ్గిర అవి. ఆయప్ప కాళ్ళు ఆయప్పనే ముట్టుకోమనండి."

పండితులు పుస్తకాలు తిరగేస్తా ఉండంగానే రాజు బయటికొచ్చినాడు. వంగినాడు. ఎప్పుడన్నా వంగినోడైతే కదా, పొట్టడ్డమొచ్చె, ఊపిరాడలా, ఇంకొంచెం వంగేసరికి నెత్తిన కిరీటం జారి గడగడా దొర్లుకుంటా పోయి చౌడప్ప కాళ్ళకాడ పడె. సంకెళ్ళ చేతుల్తో వాడు వంగి, ఆ పొద్దే పోవల్సిన కుడిచేత్తోనే దాన్నెత్తి, పైగుడ్డతో దుమ్ము తుడిచి ఇచ్చినాడు. "నేనెవరికీ చెప్పలేదు దొరా" అన్నాడంట మెల్లగా. అంతే. అది ఇనేసరికి రాజు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. ఒట్టి తలకాయతో నిలబడి, "నేనే పడినా. వీడే తీసినాడు. గుర్రాన్ని కట్టమనింది నేనే" అన్నాడు. ఎవరూ నవ్వలేదంట. అంత భయపడినాడే, ఒక్కరూ నవ్వలేదంట.

చౌడప్పకు ఏమిచ్చినారంటావా? చెయ్యిచ్చినారు. వాని చెయ్యి వానికే. బాయిలకు గోడలు కట్టమని కూడా హుకుమిచ్చినారంట, ముందర రాజు తోటలో బాయికి కట్టినారు, తర్వాత రాళ్ళు అయిపోయినాయంట. ఇంగ పండితులు, ఆ దినం సభలో ఏం జరిగిందని రాసినారనుకుంటివి? "రాజావారు సాక్ష్యం చెప్పలేదు. జారిన కిరీటం తీసుకునేదానికి వంగి, తమలో తాము ఏదో అనుకున్నారు" అని రాసినారంట.

అది రాజుల కాలం తాతా, ఇప్పుడట్ల లేదు అంటా ఉండావు గదా నువ్వు. ఇప్పుడు రాజులు లేరు, నిజమే. పెద్దోళ్ళుండారు. కోర్టు పిలుపొచ్చిన పొద్దే వాళ్ళకు గుండెనొప్పొస్తాది, ఆసుపత్రిలో పండుకుంటారు. ఎప్పుడు చూడు, డాక్టరు వాళ్ళను వంగొద్దన్నాడంట.