ఎడంచేతి దెబ్బ

బరంపురం, గిరి రోడ్డు పక్క సందు. జగదీష్ పాటలకు దరువులు కట్టే చిన్న మేడగది. సముద్రపొడ్డు ఊరు సోనేపూర్ నుంచి అతని పెదనాన్నగారి కోడలు తులసి వచ్చి కూర్చుంది.

“మళ్ళీ ఎయ్యి.”

“ఎన్ని మాట్లు ఎయ్యమంతావు ఒదినా? టీ తాగు, సల్లారిపోతంది.”

“టీ కోసం సోనేపూర్ నుంచి రానేదు. ఎయ్యి, జగదీసు.”

“ఇదిగో... ఇను.”

“ఆపు. అక్కడ. ఆ దెబ్బ ఎవులిది?”

“ఎవులిదీ కాదు, మిసనుది. ఈ తెర మీద గళ్ళు సూడు, వరసగా. ఏ గడి నొక్కితే అక్కడ దెబ్బ పడతాది. డప్పూ నేదు, మనిసీ నేడు.”

“గళ్ళన్నీ సమానంగా ఉన్నాయి. ఆ దెబ్బ గడిలో పడతనేదు. ఎనకబడతంది.”

“నేనే ఎనక్కి జరిపినాను. అన్నీ తిన్నగా ఉంచితే పోలీసు పెరేడులాగుంటాది, ఎవులూ ఆడరు. కొన్ని దెబ్బల్ని ఎంట్రుకంత ముందుకీ, కొన్నిట్ని ఎనక్కీ జరిపితేనే నడుం ఊగుతాది. దరువులు కట్టేవోల్లందరూ సేత్తారు ఇది.”

“అందరూ ఇదే దెబ్బని జరుపుతారేటి?”

“అది... సెవికి ఏది బాగుంటే అది.”

“ఎవుల సెవికి?”

“ఓలమ్మా, నాకే! నా పనే ఇది కదా. ఏటయ్యింది నీకివాళ?”

“నిన్న కొడల సంతకి ఎండుసేపలు తీసుకెల్లినాను. పెల్లి ఊరేగింపొకటి ఎదురొచ్చింది. డీజే బండి ఇదే ఏసుకుంటా ఎల్లింది. నెత్తి మీద తట్ట జారిపోయింది నాకు. అది మీ అన్న సెయ్యి, జగదీసు.”

“డీజే ఇంటే నీకు అన్నే గుర్తొత్తాడు, అంతే.”

“ఆయన దరువు కాక ఇంకోటి ఇననేకే ఇన్నాళ్ళూ మా ఈదిలోకి డీజే వొత్తే తలుపేసుకుని, సెవుల్లో ఏలు పెట్టుకునేదాన్ని. కొడల రోడ్డు మీద ఏ తలుపెయ్యను?”

“సరే, ఒప్పుకుంతాను. మసేనన్న డప్పు కొట్టిన పాత రికార్డింగు నాకాడున్నాది. అది ఇని కట్టినాను. తప్పేటి?”

“ఆ పాతది నా ఫోన్లోనూ ఉన్నాది. ఆయనెక్కిన సేపల బోటు ములిగిపోయిందని కబురొచ్చిన కాణ్ణించి రోజూ ఇంతన్నాను. అందులో ఎడంసేతి పుల్ల ముందుకి ఉరుకుతాది. ఇందులో ఎడంసెయ్యే ఎనకబడతంది. కుడిసెయ్యి దాని కోసం ఆగి, అప్పుడు పరిగెడతంది.”

“మిసన్లో తప్పు జరిపుంటాను.”

“ఇప్పుడే కదా సెవికి బాగుందని జరిపినానన్నావు?”

“కరెంటు పోయేలాగుంది ఒదినా, ఇది ఆపీమంతావా?”

“కరెంటు పోతే సీకట్లో అడుగుతాను. ఇను. ఆకరి మాటు బోటెక్కే ముందు మంగుళూరు నుంచి మీ అన్న ఫోన్ సేసినాడు. తాడు సుట్టే మిసన్లో పడి ఎడంసేతి నడిమేలు నలిగిపోయింది, ముడవనేకపోతన్నాను అన్నాడు. ఎవులికీ సెప్పొద్దన్నాడు. మా అత్తకి కూడా సెప్పనేదు నేను. ఆ ఏలుతో డప్పు కొడితే ఎలాగుంటాదో నేనే ఇననేదు. నువ్వెలా ఇన్నావు?”

“టీ... టీ సల్లారిపోయింది. ఇంకోటి తెప్పిత్తాను.”

“ఆయన ఫోను నీకాడుందా? ఆయన సొమ్మేదైనా నీకాడుందా?”

“కిచ్ఛి నాహిఁ ఒదినా, ఏటీ నేదు.”

“ఒడియాలోకి దిగినావంటే అబద్దమే. సిన్నప్పట్నించీ అంతే నువ్వు.”

“అబద్దం కాదు...”

“ఎల్లుండి పొద్దున్న గడ్డిబొమ్మ కట్టి ఏరు సముద్రంలో కలిసే కాడ కాలుత్తామని ఊరిపెద్ద తవిటయ్య సెప్పినాడు. సముద్రంలో పోయి సవం దొరకనోల్లకి అలాగే కదా సేత్తారు. బొమ్మ కాలినాక నా గాజులు తీసెత్తారు. బొమ్మకి తొడగడానికి ఆయన సొక్కా నేనే ఉతికి ఆరేసినాను. సరే, మీ అన్న పోయినోడే అయితే నా నెత్తి మీద సెయ్యెట్టి పోయినాడని సెప్పు. ఎల్లిపోతాను.”

“ఇలాంటియ్యి నాకాడ పెట్టకు ఒదినా.”

“సెయ్యెట్టు.”

“ఎట్టను.”

“ఎందుకెట్టవు?”

“ఆ బొమ్మని కాల్సనీకు. అంతే. ఇంకేటీ అడక్కు నన్ను.”

“ఓలమ్మో... ఉన్నాడా? ఉన్నాడా జగదీసూ? ఉంటే ఇంటికెందుకు రానేదు?”

“నీ తమ్ముడు బబ్లూని ఎంటబెట్టుకెల్లినోడు ఒక్కడూ ఎలా తిరిగొత్తాడు? నువ్వు వొద్దొద్దన్నా ఇనకండా అదే బోటెక్కించినాడు కదా. నీ మొకం ఎలా సూత్తాడు?”

“ఆయనన్నాడా ఈ మాట?”

“ఎవులూ అననేదు. నేను... నేను అనుకుంతన్నాను.”

“కోపం నేదనను. ఉన్నాది. ఎదురొత్తే తిడతాను, గుండెల మీద గుద్దుతాను. గానీ నేను ఇద్దరి కోసం ఏడిసినాను, జగదీసు. ఒకడి ఏడుపైనా ఎనక్కి తీసుకోనీ. ఎక్కడున్నాడో సెప్పు.”

“సెప్పనేను. నీకు సెప్పనని డప్పు మీద సెయ్యేయించి ఒట్టేయించుకున్నాడు.”

“నా గాజులు పోతన్నా నీ ఒట్టే ముక్యమా? నోరు మూసుకుని, నలిగిపోయిన ఆ సేతి దెబ్బల్ని పెల్లిళ్ళకి అమ్ముకుంతన్నావా?”

“అమ్మనేదు. అన్న కాడికెల్లి ఆ డప్పు ఇనొచ్చి, ఎంట్రుకెంట్రుకంత జరుపుకుంటా అన్న సెయ్యి ఈ మిసన్లోకి తెచ్చినాను. డీజే బండోల్లందరికీ ఊరికినే ఇచ్చినాను. సోనేపూర్ ఎల్తే ఇదే ఎయ్యమన్నాను, మీ ఇంటి ముందు బండి ఆపి మరీ ఎయ్యమన్నాను. నేను నోటితో సెప్పకూడదు కదా. ఎన్ని మాట్లు ఏసినా నువ్వు తలుపే తియ్యనేదు, ఒదినా.”