వేడి డ్యూటీ ఇక చాలు

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మన ఆసుపత్రి పెద్ద డాక్టరుగారికి, వేదిక మీది పెద్దలకు, సాయంత్రం డ్యూటీ ఒకరితో ఒకరు మార్చుకుని మరీ వచ్చిన నర్సమ్మలకు, గ్రీజు చేతులు కడుక్కుని ఉన్నంతలో మంచి చొక్కాలు తొడుక్కొచ్చిన నా డ్రైవరు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, నా మాట మన్నించి ముందు వరుసలో కూర్చున్న మా వదినకు, చివరి వరుసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మా ఆయనకు నమస్కారం. (నవ్వులు) ఏమండీ, ఇంట్లో నన్ను మధ్యలో ఆపినట్టు ఇక్కడ ఆపడం కుదరదు. మైకు నా చేతిలో ఉంది.

ఇంతకుముందు మాట్లాడినవాళ్లు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. షెడ్డులో నేను ఎవరినీ పల్లెత్తు మాట అనలేదని కూడా ఒకాయన సెలవిచ్చారు. ఆయన ఏ షెడ్డు సంగతి చెప్పారో నాకు తెలియదు. (నవ్వులు) అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. కానీ నేను ఈ రోజు పొగిడించుకుని, పూలగుత్తి పుచ్చుకుని ఇంటికి పోదామని రాలేదు. ఒక పని మిగిలిపోయింది. అది తేల్చుకునే వెళతాను.

మన బండ్ల షెడ్డు లోపల ఎలా ఉంటుందో చూడని డాక్టర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీరు గేటు దగ్గర నిలబడతారు, కారు వస్తుంది, ఎక్కి మంచం దిగలేని రోగుల ఇళ్లకు వెళ్లి వస్తారు. ఆ కారు వచ్చేది మూడు వైపులా ఇటుక గోడలు, పైన రేకు, ఒకే ఒక్క ద్వారం ఉన్న కొట్టంలోంచి. చలికాలం పొద్దున్నే ఆ రేకు మీంచి చలి నెత్తిన దిగుతుంది. అందుకని మా డ్రైవర్లలో ఎప్పటినుంచో ఒక అలవాటు ఉంది. ముందు డ్యూటీకి వచ్చినవాళ్లు తమ బండి ఒక్కటే కాదు, అందరి బండ్లూ స్టార్టు చేసి ఇంజన్లు అలా నడుస్తూ ఉండనిస్తారు. వెనక వచ్చేవాడు పాపం వెచ్చటి సీటులో కూర్చుంటాడని. దీనికి మేం పెట్టుకున్న పేరు వేడి డ్యూటీ. ఏ అధికారీ చెప్పింది కాదు, ఏ గోడ మీదా రాసింది కాదు. ఒకరి మీద ఒకరికి ఉన్న అభిమానం కొద్దీ పుట్టింది.

నాకు స్టీరింగు నేర్పినాయన్ని షెడ్డంతా నిదానమన్న అనేది. నాకు సొంత అన్న లేడు, ఆ లోటు ఆయనే తీర్చాడు. ఆడపిల్లకు కారు నేర్పుతావా అని నలుగురూ నవ్వుతుంటే వాళ్ల ఎదుటే నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. "ముందు సీటు సర్దుకో, అద్దాలు సర్దుకో, బెల్టు పెట్టుకో. హ్యాండ్‌బ్రేకు వేసి ఉందా, గేరు న్యూట్రల్‌లో ఉందా చూసుకుని క్లచ్ తొక్కు. లైట్లు, హీటరు, వైపరు అన్నీ ఆపెయ్. చలికి బ్యాటరీ అసలే నీరసంగా ఉంటుంది, దాని నెత్తిన ఇంకో పది పనులు పెట్టకు. ఇప్పుడు తాళం తిప్పు. అందుకోలేదా? పట్టుకుని అలాగే గిరగిరా తిప్పకు, వదిలేసి కాసేపాగు. తొందరేం లేదమ్మా, నువ్వు పోనిస్తే గానీ ఎక్కడికీ పోదు బండి," అనేవాడు. నేను విసుక్కుంటే ఇంకా నిదానంగా చెప్పేవాడు. ఆ నిదానం చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. ఈ రోజుకీ తాళం తిప్పేటప్పుడు నా చెవిలో ఆయన గొంతే వినబడుతుంది.

(మైకు చేయి మార్చుకుని)

ఒక చలికాలం పొద్దున వేడి డ్యూటీ ఆయనది. బయట గాలి ఈడ్చి కొడుతోంది. ఆయన అప్పటి రెండు రెక్కల ఇనుప తలుపు మూసేసి, ఒక్కొక్క బండీ స్టార్టు చేశాడు. ఇంజను పొగలో ఒక విషవాయువు ఉంటుంది. రంగుండదు, వాసనుండదు. కాస్త తలనొప్పి, కాస్త మగత, చలికి వచ్చిన కునుకే అనుకుంటాం. పెద్ద డాక్టరుగారు నాకంటే బాగా చెప్పగలరు. మేం వచ్చి తలుపు లాగేసరికి ఆయన కారులో సీటుకి ఆనుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆ కారు నేను నడిపేది. నా సీటు వెచ్చబడాలని కూర్చున్నాడు. గోడకు అవతలే మన వార్డు. అంతమంది డాక్టర్లు, అన్ని ఆక్సిజన్ సిలిండర్లు గోడకు అవతలే ఉన్నాయి. నాకు ఆ గోడ మీద కోపం, ఆ తలుపు మీద కోపం, ఆయన మంచితనం మీద కూడా కోపమే. ఇన్నేళ్లయినా తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా నాకు లేదు.

షెడ్డు నా చేతికి వచ్చాక వేడి డ్యూటీ వద్దని చెప్పాను. సరే మేడమ్ అన్నారు. మర్నాడు వచ్చి చూస్తే నా కారే వెచ్చగా ఉంది! తిట్టాను. తలలు ఊపారు. వారం తిరిగేసరికి మళ్లీ మొదలు. దొంగతనం చేసేవాణ్ణి ఆపొచ్చు గానీ మంచి చేస్తున్నాననుకునేవాణ్ణి ఆపడం నా వల్ల కాలేదు. ఇక చేసేది లేక, చలికాలమంతా అందరికంటే ముందు నేనే వచ్చి, తలుపులు బార్లా తెరిచి, రాళ్లు అడ్డం పెట్టి నిలబడేదాన్ని. మీరంతా ఈవిడకు ఇంట్లో పనీపాటా లేదా అనుకున్నారు. అనుకున్నారా లేదా? (నవ్వులు) మా ఆయనా అదే అడిగేవారు.

రేపటి నుంచి నేను రాను. ఆ పాత తలుపు స్థానంలో, బ్యాటరీలు దొంగలు ఎత్తుకుపోతున్నారని ఈ నెలలోనే కొత్త షట్టరు వేశారు. కిందికి దించితే వేలు దూరే సందు కూడా లేదు. షట్టరు దించి బండ్లు వేడి చేసుకుంటే హాయిగా ఉంటుందని నిన్న టీ తాగుతూ మావాళ్లు అనుకోవడం నా చెవిన పడింది. పైగా కొత్తగా చేరినవాళ్లకే వేడి డ్యూటీ ముందు వేయడం వీళ్ల ఆనవాయితీ. కొత్తగా చేరింది ఎవరు? నిదానమన్న కూతురు. నా మేనకోడలు. డ్యూటీలో మేడమ్ అని పిలవమంటే "సరే అత్తా" అంటుంది. (నవ్వులు) రేపు పొద్దున ఆ షెడ్డులోకి ముందు అడుగు పెట్టేది ఆ పిల్లే. ఇప్పుడు అర్థమైందా, నేను పూలగుత్తి పక్కన పెట్టి ఎందుకు నిలబడ్డానో?

తమ్ముళ్లూ, ఇవి చోక్ లాగే కాలం నాటి బండ్లు కావు. వీటిని నిలబెట్టి వేడి చేయక్కర్లేదు. షట్టరు పూర్తిగా పైకి లేపండి, వెనక పొగగొట్టంలో రాత్రి దారిలో పట్టిన మంచు గడ్డకట్టి ఉందేమో చూడండి, స్టార్టు చేయండి, వెంటనే బయటికి తీసుకురండి. యాక్సిలరేటరు తొక్కి గాండ్రింపులు వద్దు. బయట నిలబెట్టి అద్దాల మీది మంచు మొత్తం గీకేయండి. మొత్తం అంటే మొత్తం. ఎర్ర మఫ్లరూ, అటూ ఇటూ చూస్తావేం, నిన్నే! పోస్టు డబ్బా సందంత గీకి, అందులోంచి ఒంటి కన్నుతో చూసుకుంటూ రోడ్డెక్కేది నువ్వే కదా. (నవ్వులు) వేడినీళ్లు కుమ్మరించేవాళ్లు కూడా ఉన్నారు, అద్దం పగిలాక నా దగ్గరికొచ్చి దానంతటదే పగిలిందంటారు. వైపరు అంటుకుపోయి ఉంటే ముందు చేత్తో విడదీయండి. బయల్దేరాక మెత్తగా నడపండి, దారిలో ఇంజను దానంతటదే వేడెక్కుతుంది. రోడ్డు జారుతుంటే ముందు బండికి బాగా ఎడం ఇవ్వండి, బ్రేకు ముందు నుంచే మెల్లగా వేయండి. కాసేపు మీకు చలేస్తుంది. వేయనివ్వండి! కోటు తొడుక్కోండి.

డాక్టర్లకూ ఒక మాట. కారు ఎక్కగానే "ఇంకా చల్లగానే ఉందేం?" అని మీరు మామూలుగానే అంటారు. మీరన్న ఆ ఒక్క మాటకు మావాడు మర్నాడు ఇంకాస్త ముందొచ్చి షట్టరు దించుతాడు. దయచేసి ఆ మాట అనకండి.

పెద్ద డాక్టరుగారూ, ఇక మీ దగ్గరికే వస్తున్నాను. వేడి డ్యూటీ లేదని మీ నోటితో చెప్పండి. షట్టరు సగంలో ఉండగా ఎవరూ తాళం తిప్పకూడదని చెప్పండి. (అధ్యక్షులు ఏదో అంటారు) చూద్దాం అన్నారా? అయ్యా, మీ 'చూద్దాం' నాకు కొత్త కాదు. షెడ్డులో పొగ బయటికి లాగే ఫ్యాను పెట్టించమని అడిగినప్పుడూ చూద్దామనే అన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు. (నవ్వులు, చప్పట్లు) నేను మైకు వదలను. భోజనాలు చల్లారితే నన్ను తిట్టుకోండి, ఫర్వాలేదు, తిట్లు నాకు అలవాటే. (అధ్యక్షులు లేచి మైకు అందుకుంటారు.)

విన్నారుగా! ఆయన మాట ఆయన నోటితోనే విన్నారు. వేడి డ్యూటీ ఈ రోజుతో సరి. షట్టరు పూర్తిగా లేపకుండా ఇంజను స్టార్టు చేస్తే ఎవరైనా సరే ఆయన ముందు నిలబడాలి. ఆ ఫ్యాను కూడా ఈ వారంలోనే పెట్టిస్తారట. చాలా సంతోషమండీ.

కానీ అధికారి మాటతో ఆగే అలవాటు కాదిది. తమ్ముళ్లూ, మీరు చెప్పండి. (ఆగి) ఎవరు లేచింది? ఎర్ర మఫ్లరా? గట్టిగా చెప్పు, వెనకవాళ్లకు వినబడాలి. "నా బండి నేనే తీసుకుంటా మేడమ్. ఎవరూ ముట్టుకోవద్దు." అదీ మాట! ఇంకా? నువ్వూనా? నువ్వూనా? కూర్చోండి, కూర్చోండి, అందరూ లేచి నిలబడితే నాకు ఏడుపొస్తుంది. (చప్పట్లు)

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. నిన్న సాయంత్రం వదిన, అదే నిదానమన్న భార్య, మా ఇంటికి వచ్చింది. వచ్చిన పని చెప్పదు, మంచినీళ్లు తాగింది, మా కిటికీ తెరలు బాగున్నాయంది, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "ఈ ఒక్క చలికాలం ఉండిపోకూడదా?" అంది. ఉద్యోగంలో ఒక్క రోజు కూడా ఎక్కువ ఉండనివ్వరని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. అయినా రాత్రంతా ఆ ప్రశ్న పక్కనే పెట్టుకుని పడుకున్నాను.

వదినా, ఇదిగో జవాబు. వీళ్లందరినీ చూడు. నేను ఉండక్కర్లేదు.

ఇన్నేళ్లు నా అరుపులు భరించినందుకు, ఇవాళ నా మొండితనం మన్నించినందుకు అందరికీ కృతజ్ఞతలు. మీ దగ్గర సెలవు తీసుకుంటున్నాను.