ఒవైస్ నంబర్

సకల జనుల సమ్మె ముగిసిన నెలకు, రక్తదాతల జాబితా చూసుకునే ఇద్దరు ఫోన్‌ల మాట్లాడుకుంటున్నరు. పెద్దాయన జనగామల, చిన్నోడు భూపాలపల్లిల.

"తమ్మీ, మూడు ఊర్ల కంప్యూటర్ మిషన్లల ఒక్కటే జాబితా ఉండాలె గద? ఒవైస్ పేరు ఒకసారి వస్తది, ఇంకోసారి రాదు. జనగామ, మానుకోట కాపీలల లేదు. మీ మిషన్ జవాబిస్తెనే వస్తున్నది."

"లైన్ ఖరాబున్నదేమో అన్నా."

"లైన్ మంచిగనే ఉన్నది. నేను తీసేసినప్పుడల్లా ఎవరో పాత కాపీ మళ్ల ఎక్కిస్తున్నరు. రైల్ రోకోల పానం ఇడిసిన ఒవైస్‌కు ఇయ్యాల దవాఖానోళ్లు ఫోన్ జేసిండ్రు. పేషెంటుకు రక్తం దొరకనీకె గంట ఆలస్యమైంది."

"నేనే అన్నా, ఎక్కిచ్చేది. ఒవైస్ ఫోన్ ఇప్పుడు వాళ్ల అమ్మీ దగ్గరున్నది. పేరు తీసినంక ఫోన్లు బందైనయి. 'నా కొడుకును ఎవ్వరు అడుగుతలేరు, అప్పుడే మర్చిపోయిండ్రా బేటా?' అన్నది. నాది తప్పే అన్నా. తీసెయ్యి."

"తీస్త."

"తీసినవా?"

"జర ఆగు. ఇంకో ఫోన్‌ల ఒవైస్ నంబర్ కలిపిన, మోగుతున్నది... సలాం అమ్మీ. ఒవైస్ కోసమే చేసిన."