ఎనిమిది నోళ్ళ కార్డు

పరాయి దేశం. పళ్ళ ఆస్పత్రిలో కుర్చీ ఉన్న గది. డాక్టరుకి తెలుగు రాదు. కుర్చీలో పడుకున్నవాడికి డాక్టరు భాష రాదు. రెండూ వచ్చింది నేల తుడిచే ఆవిడ ఒక్కదానికే.

"పుట్టిన తేదీ ఇంకోసారి చెప్పమంటున్నాడు."

"చెప్పాను కదక్కా."

"చెప్పావు. ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పావు. అందుకే మళ్ళీ అడుగుతున్నాడు."

"నొప్పితో మాట రావట్లేదని చెప్పు."

"చెప్పాను. నలభై తొమ్మిదేళ్ళ మనిషికి మీసం భలే నల్లగా ఉందే అంటున్నాడు."

"రంగేశానని చెప్పు."

"సరే, ఆయనకి చెబుతా. నాకేం చెబుతావు? నాకు నలభై ఆరు. ఆ లెక్కన నన్ను చెల్లెమ్మా అనాలి నువ్వు. వచ్చిన దగ్గర్నించీ అక్కా అంటున్నావు."

"అలవాటక్కా."

"మళ్ళీ అక్కా."

"నోరు లాగేస్తోంది. ముందు పన్ను సంగతి అడుగు. ఎక్స్‌రేలో ఏముందట?"

"పుచ్చిందట. పుచ్చినా వేరు గట్టిగా ఉందట. మూడుసార్లు వస్తే లోపల శుభ్రం చేసి పైన క్యాపు వేస్తాడు. అదే, టోపీ పెడతాడు."

"నాకు టోపీ పెట్టడం కంపెనీతోనే అయిపోయింది."

"హాస్యాలు ఆపు. శుభ్రం చేస్తే ఇంకో ముప్పై ఏళ్ళు నములుతుందట. చిక్కు అది కాదు."

"మరేంటి?"

"ఆ పన్ను నీకు లేదట."

"లేకపోతే నొప్పి ఎక్కణ్ణించి వస్తోంది?"

"నన్నడుగుతావేం. కంప్యూటర్లో నీ పళ్ళ బొమ్మ ఉంది. కింద దవడ, ఎడమ పక్క, చివర్నించి రెండోది. దాని మీద ఇంటూ గుర్తుంది. పోయిన ఏడాది ఈ కుర్చీలోనే, ఈ డాక్టరే, తన చేత్తో పీకాడు."

"మళ్ళీ మొలిచిందని చెప్పు."

"పసిపిల్లాడివా మొలవడానికి?"

"మరి ఆయనకి నా మొహం గుర్తుందా?"

"రోజుకి ముప్పై నోళ్ళు చూస్తాడు. మొహాలు గుర్తుండవు ఆయనకి. పళ్ళు గుర్తుంటాయి. ఇటు విను. చెయ్యి దవడ మీద పెట్టుకుని మాట్లాడు. మన వైపే చూస్తున్నాడు, నొప్పి గురించి చెబుతున్నావనుకుంటాడు. ఇప్పుడు చెప్పు. నువ్వు తెచ్చిన ఇన్సూరెన్సు కార్డెవరిది?"

"నాదే."

"తమ్ముడూ."

"మా గదిలో పెద్దాయనది. సెంట్రింగ్ మేస్త్రి."

"పీకించుకుంది ఆయనేనా?"

"ఆయనే. ఒక పన్ను పీకించుకున్నానని చెప్పాడు కూడా. ఏ పన్నో నేనడగలేదు. నోట్లో ముప్పై రెండుంటాయి కదా, సరిగ్గా అదే తగుల్తుందా అనుకున్నా."

"నీ కార్డేది?"

"వచ్చే వారం."

"ఏ వారం?"

"అదేనక్కా. ఎనిమిది నెలల్నించీ వచ్చే వారం. ఈ భాషలో నాకొచ్చిన ఒక్క మాట అది."

"గదిలో ఎంతమంది?"

"ఎనిమిది మందిమి. పెద్దాయన పాత బ్యాచి, ఆయనొక్కడికే కార్డుంది. అందరం దాని మీదే బతుకుతున్నాం. ఈ ఏడాది ఆ కార్డుకి ఎడమ కాలు విరిగింది, కుడి చెయ్యి విరిగింది, కామెర్లు రెండుసార్లొచ్చాయి. పెద్దాసుపత్రిలో ఎవడూ అడగలేదు. కాళ్ళూ చేతులూ ఎవరివైతేనేం వాళ్ళకి. ఈ పళ్ళ దగ్గరే దొరికిపోయాం."

"నవ్వకు. నొప్పున్నవాడు నవ్వడు."

"నవ్వట్లేదు. వాచి పెదవి అలా వంకర పోయింది."

"ఎనిమిది మందీ కలిసి కంపెనీ ఆఫీసు ముందుకెళ్ళి అడగలేరా? కార్డు మీకివ్వాల్సింది వాళ్ళు. ఎగ్గొట్టింది వాళ్ళు. దొంగలా ఈ కుర్చీలో పడుకుంది నువ్వు."

"అడిగారక్కా, నేను రాకముందు. ముందు నిలబడి అడిగినవాణ్ణి వారం తిరక్కుండా విమానం ఎక్కించేశారు. వాడి మంచం ఖాళీ అయితేనే నన్ను పిలిపించారు. వాడి దిండు మీదే పడుకుంటున్నా."

"ఉండు, ఏదో అంటున్నాడు. ... నొప్పి ఎన్నాళ్ళనించో చెబుతున్నావన్నాను. ఎన్నాళ్ళు?"

"పదకొండు రోజులు."

"పదకొండు రోజులని చెప్పడానికి ఇంతసేపా అంటున్నాడు."

"మన భాష పొడుగని చెప్పు."

"ఫోను చేతిలోకి తీసుకున్నాడు తమ్ముడూ. కార్డు ఆఫీసుకి చేస్తాడేమో. లేచి వెళ్ళిపో."

"వెళితే చెయ్యడా?"

"చేస్తాడు. కార్డు ఆపేస్తారు."

"పెద్దాయనకి షుగరక్కా. నెలనెలా ఇంజెక్షన్లు ఆ కార్డు మీదే. అది ఆగిందంటే మనిషే ఆగిపోతాడు. చెయ్యొద్దని చెప్పు. ఇంకెప్పుడూ రానని చెప్పు."

"ఈ నొప్పితో ఎన్నాళ్ళుంటావు?"

"ఉండేవాణ్ణే. లవంగం నూనె, ఉప్పు నీళ్ళు, అన్నీ అయ్యాయి. ఓర్చుకునేవాణ్ణి. కానీ నేను క్రేను కింద ఈల వేసేవాణ్ణి. ఇనప చువ్వల కట్ట దింపాలన్నా ఆపాలన్నా నా ఈలే. నిన్న ఆపమని వెయ్యాలి. ఈల నోట్లో పెట్టుకున్నా, దవడ పట్టేసింది. గాలి రాలేదు. ఇనప కట్ట దిగుతూనే ఉంది. కిందున్నవాడు జానెడు తేడాలో తప్పుకున్నాడు."

"జానెడా?"

"జానెడక్కా. వాడు నా పక్క మంచం."

"నోరు తెరుచుకుని పడుకో. నేను మాట్లాడతా."

"ఏం చెబుతావు?"

"నోరు తెరుచుకో అన్నానా."

"..."

"అయింది. మూసుకో."

"ఏం చెప్పావక్కా?"

"ఉన్నదే చెప్పా. ఎనిమిది నోళ్ళూ, ఒక కార్డూ, ఇనప కట్టా, అన్నీ చెప్పా. పదేళ్ళుగా ఈయన గది తుడుస్తున్నా. మీలాంటివాళ్ళ మాటలు తిప్పి చెప్పడానికి నాకు వేరే జీతం లేదు, అయినా ఎప్పుడు పిలిస్తే అప్పుడు చీపురు పక్కన పడేసి వచ్చా. ఏనాడూ ఏదీ అడగలేదు. ఇవాళ అడిగా."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. ఫోను కింద పెట్టాడు."

"అమ్మయ్య. అయితే శుభ్రం చేసి ఆ టోపీ పెడతాడా?"

"పెట్టలేడట. లేని పన్నుకి టోపీ పెట్టానంటే కంప్యూటరు ఒప్పుకోదు. పీకడం ఒక్కటే చెయ్యగలడు. పోయిన ఏడాది పీకినప్పుడు వేరు ముక్క లోపల ఉండిపోయింది, ఇవాళ అది తీశాను అని రాస్తాడట."

"తన తప్పని రాసుకుంటాడా?"

"రాసుకుంటానన్నాడు. గట్టి పన్నని మళ్ళీ అంటున్నాడు తమ్ముడూ. పీకాలంటే ఆయనకీ చెయ్యి రావట్లేదు. వాపుకి మందిస్తాడట, నీ పేరున కార్డొచ్చేదాకా ఆగితే పన్ను దక్కుతుందంటున్నాడు. ఎప్పుడొస్తుందని అడుగుతున్నాడు."

"నువ్వే చెప్పు."

"నన్ను చెప్పమంటావేం."

"నీకూ తెలుసుగా."

"వచ్చే వారం."

"ఆ. అదే చెప్పు ఆయనకి. చెప్పి, పీకేయమనక్కా. కాగితంలో లేని పన్ను నోట్లో ఉండి ఏం లాభం. రేపు పొద్దున్నే ఈల వెయ్యాలి నేను."

"బాగా ఆలోచించుకున్నావా?"

"పదకొండు రోజులు ఆలోచించా."

"సరే. మత్తు సూది వేస్తాడు, కళ్ళు మూసుకో. నీ వయసెంత? నిజంది చెప్పు."

"ఇరవై ఏడు."

"ఇరవై ఏడు. నా పెద్దకొడుకు వయసు. అక్కా అంటావేంరా నన్ను."

"నీకు కోపమొస్తుందేమోనని."

"పోనీలే. ఒక్క పన్నుతో పోయింది. ఇక బొమ్మా నోరూ ఒకటే. ఆ కార్డు పట్టుకుని ఎప్పుడొచ్చినా ఎవరూ ఏమీ అడగరు."

"నన్నడగరు పిన్నీ. మా గదిలో ఇంకా ఆరుగురికి ఈ పన్నుంది."