పడుగుకి ఒదిగిన మ్యూజియం

తులిశమ్మ అని ఒకావిడ ఉండేదంట మన సాలిపేటలో. మాట మెత్తన, పట్టు గట్టి. ఆవిడ ఇంటి ముందు వీధి చూశారుగా, గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఎందుకట్లా ఉందంటే, అది మనుషులు నడవడానికి వేసిన వీధి కాదు, పడుగు చాపడానికి వేసిన వీధి. పడుగంటే చీరలో నిలువు పోగులు. మగ్గం ఎక్కకముందు ఆ పోగులన్నీ వీధి పొడుగునా చాపి, గంజి పట్టించి, అటొకరు ఇటొకరు నిలబడి కుంచెతో దువ్వాలి. పొద్దు పొడవకముందే మొదలెట్టి, ఎండ ముదిరేలోపు చుట్టెయ్యాలి. అందాకా ఆ వీధికి పడుగే రాజనుకో. చాపిన పడుగుని ఎవరూ దాటకూడదు, కింద నించి దూరకూడదు. పెళ్ళి ఊరేగింపు వచ్చినా ఆగాల్సిందే. ఆగితే సన్నాయివాళ్ళు ఊరుకుంటారా, అక్కడే నిలబడి వాయించేవాళ్ళంట, వీళ్ళు ఆ తాళానికే కుంచె లాగేవాళ్ళంట. ఆ గంజి వాసన, ఆ సన్నాయి... సరే, కథలోకి వద్దాం.

ఆ వీధి పక్కనే మ్యూజియం. అప్పట్లో రెండే గదులు. ఊరి పక్క దిబ్బ తవ్వితే దొరికిన పాతకాలం రాతిబొమ్మలు సగం లోపల, సగం బయట వానలో తడుస్తా ఉండేవి. ఏమైందంటే, దాన్ని పెంచమని పైనించి ఉత్తర్వు వచ్చింది. కొలిచేవాళ్ళు మిట్టమధ్యాహ్నం దిగారు. ఆ వేళకి వీధిలో ఏముంటుంది? పడుగులు చుట్టేసి అందరూ మగ్గాల దగ్గరుంటారు. ఊడ్చిపెట్టిన నేల తప్ప కోడిపిల్ల కూడా లేదు. ఖాళీ జాగా అని రాసుకున్నారు. దానికి అడ్డంగా హాలు, హాలు మీద మేడ లేపుదామనుకున్నారు.

మ్యూజియం ఆఫీసరు పానకాలరావు గారని, మంచాయనే. చుట్టుపక్కల వాళ్ళని పిలిచి, వరండాలో కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, మీకేమన్నా ఇబ్బందులుంటే చెప్పండి, దాచుకోవద్దు అన్నాడంట. ఒకాయన సిమెంటు దుమ్ము నూలు మీద పడుద్దన్నాడు. ఒకావిడ చూడ్డానికొచ్చే బస్సుల హారన్లకి పసివాళ్ళు నిద్రపోరంది. మార్కండేయులని ఒక ఎకసెక్కాల మనిషి, అయ్యా, మీ బొమ్మలు అన్నేళ్ళు మట్టిలో ఉన్నాయి గదా, ఇంకో రెండు వానలు తడిస్తే పడిశం పడతాయా అన్నాడు. ఆఫీసరు కూడా నవ్వాడు. నవ్వి, కొత్త హాల్లో మీ మగ్గం కూడా పెడతామయ్యా, అద్దాల గదిలో, లోకమంతా వచ్చి చూస్తుంది అన్నాడు. అప్పుడు తులిశమ్మ లేచిందంట. బాబూ, మగ్గం అద్దాల్లో పెడతావు, బాగానే ఉంది, మరి దాని పడుగు ఎక్కడ చాపుతావు? అంది. ఆయనకి అర్థం కాలేదు. ఆ జాగా ఖాళీగా ఉంది గదమ్మా అన్నాడు. ఖాళీగా ఉండడం కాదు బాబూ, ఖాళీగా ఉంచాం. మా అత్త ఉంచింది, వాళ్ళత్త ఉంచింది. అది పోతే మేం మగ్గాలు దించుకోవాల్సిందే. రేపు పొద్దున్నే రా, నువ్వే చూద్దువు గాని అంది.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు, వెనకాల సున్నం తట్టతో కంట్రాక్టరు. వీధి ఈ కొస నించి ఆ కొసకి పడుగు చాపుంది. కంట్రాక్టరు ముగ్గుపిండిలా సున్నం పోసుకుంటా గోడ గీత గీశాడు, పడుగు దాకా వచ్చి తల వంచి దూరబోయాడు. ఆఫీసరే భుజం పట్టుకుని ఆపాడంట. తులిశమ్మ అది చూసింది. చూసి, బాబూ, మా తమ్ముడు ఇంకా రాలేదు, పడుగు లాగి ఉంచే ఈ మోకు కాస్త బిగించి పట్టుకో అంది. తమ్ముడెక్కడికీ పోలేదర్రా, గోడ చాటున వేపపుల్ల నములుతున్నాడు, అది అందరికీ తెలుసు. ఆఫీసరు చెప్పులిడిచి మోకు పట్టుకున్నాడు. పట్టుకున్నాక వదలడానికి లేదు, వదిలితే పడుగంతా చిక్కు. కుంచెలు నడుస్తున్నాయి. పోగు తెగితే అందరూ ఆగుతున్నారు, అతికించాక మళ్ళీ కదులుతున్నారు. ఇంతలో మ్యూజియం కప్పు మీదుగా ఎండ వచ్చి తడి పోగుల మీద వాలింది. వీధంతా మెరిసింది. ఆయన కాసేపు అట్లా చూసి, తల వంచి తన కాళ్ళ కింద చూసుకున్నాడు. సున్నం గీత. అమ్మా, నేను నిలబడింది గోడలో గదా అన్నాడంట. అవును బాబూ, ఆ ఎండొచ్చేదీ నీ మేడలో నించే అంది తులిశమ్మ.

అంతే. పైవాళ్ళతో ఆయన ఏం తంటాలు పడ్డాడో తెలియదు గాని, హాలు వీధి దగ్గరికొచ్చి వెనక్కి ఒంగింది. మేడ లేదు. జాగా చాలక పెద్ద బొమ్మని వరండాలో నిలబెట్టి పైన రేకులేశారు. మన మ్యూజియం వంకరగా ఉందేమిటని బస్సుల్లో వచ్చినవాళ్ళు అడుగుతారు చూడండి, అదీ సంగతి. అద్దాల గదిలో మగ్గం మీదున్న పడుగు తులిశమ్మ ఈ వీధిలో చాపిందే.

ఇప్పుడు గంజి పట్టిన పడుగులు పట్నం నించే చుట్టలు చుట్టుకొస్తున్నాయి. తులిశమ్మ లేదు, మార్కండేయులూ లేడు. వీధి మాత్రం ఉంది, పొద్దున్నే ఊడుస్తానే ఉన్నారు. నేనూ ఆ వీధిన పోతే ఇప్పటికీ ఓరగానే నడుస్తాను. నడుమ పడుగు లేదని కళ్ళకి తెలుసు, కాళ్ళకెవరు చెప్తారు?