బొట్టు తీసిన క్యాసెట్

సుబేదారిలోని ఆ ఇంట్లో టీవీకి భర్త కంప్యూటరు తగిలించినప్పటి నుంచి వార్తలు బంద్. ఫొటోలు బాగుచేసే ప్రోగ్రాం ఒక్కోటీ ఒక్కో క్యాసెట్టులో ఉంటుంది; టేప్‌రికార్డరు కీచుమని అరుస్తూ దాన్ని కంప్యూటరులోకి ఎక్కిస్తుంది. తెర మీద తన నలుపు తెలుపు ఫొటో పైనుంచి ఒక్కో గీతగా దిగుతుంటే, ఆమె పప్పు గరిటెతోనే వచ్చి నిలబడింది.

"ఇగ జూడు. మొదటి ప్రోగ్రాంల నీ మొఖం మసకమసకగ వచ్చింది. ఈ రెండోది ఎంత సాఫ్‌గ తెచ్చిందో!"

"సాఫ్‌గనే ఉన్నది. నా బొట్టేదండి?"

"బొట్టా? ఇది దుమ్ము చుక్కలను ఏరి తీసేస్తది. నుదుట్ల ఒక్కటే నల్ల చుక్క కనబడ్డది, దుమ్మనుకున్నది."

"మీరేమనుకున్నరు?"

"నేను చూస్కోలే."

"పెండ్లయిన కాడినుంచి రోజు చూసే మొఖమే గద!"

"గంత కోపమెందుకు? మిషిన్‌కు బొట్టేంది, దుమ్మేంది?"

"మిషిన్‌ను నేనేమంటలేను. దాన్ని మెచ్చుకునేటోళ్లను అంటున్న. ఇది ఎవరికి చూపిస్తరు?"

"రేపు కాలేజీల మీటింగు. ఈ రెండు ప్రోగ్రాంలల్ల ఏది మంచిదో నేనే చెప్పాలె. సార్లు, వాళ్ల ఇంటోళ్లు అందరొస్తరు."

"అంటే అందరి ముందట బొట్టు లేకుంట నన్ను నిలబెడ్తరు. మొదటిదే చూపియ్యండ్రి."

"అండ్ల నిన్ను ఎవ్వరు గుర్తువట్టరు!"

"ఇండ్ల గుర్తువట్టి, మీరెప్పుడు పోయిండ్రని అడుగుతరు."

"జర సమజ్ చేస్కో. ఇదే చూపిస్త, అంతే."

"చూపియ్యండ్రి. పక్కకు మీ ఫొటో గుడ పెట్టండ్రి. దండ నేను తెస్త."

ఆమె విసవిసా వంటింట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి టేప్‌రికార్డరు మళ్లీ కీచుమని అరవడం వినిపించి, గుమ్మంలోంచి తొంగి చూసింది. మొదటి క్యాసెట్టు తిరుగుతోంది. తెర మీద, ఆ మసకలో, ముక్కు రాకముందే బొట్టు దిగింది.